ఇంటిలోనుండి తెరచు తలుపు



ఆలీబాబా కథ మీలో పెక్కుమంది యెరిగినదే. ఆంటొయిన్ గాలండ్ అను ఫ్రెంచి పండితుడు 1709లో హన్నా దియాబ్ అను సిరియా దేశీయుని నోట దానిని విని వ్రాసికొనెను. అది పిమ్మట నానాభాషలకు ప్రాకి మన బడిపిల్లల పుస్తకములలోనికిని, చలనచిత్రములలోనికిని వచ్చినది. ఆ కథలో అందరు జ్ఞాపకముంచుకొనునది మాట చెప్పగానే తెరచుకొను గుహద్వారము. నేను మీకు జ్ఞాపకము చేయదలచినది ఆలీబాబా అన్న కాసీము గతి. అతడు నువ్వుల పేరు చెప్పి గుహలోనికి పోయెను, తలుపు మూసికొనెను, ధనము మూటలు గట్టెను. తిరిగి రాబోవునప్పుడు నువ్వులు అను మాట మరచెను. యవలు అనెను, మరియొక ధాన్యము పేరు చెప్పెను, తలుపు కదలలేదు. దొంగలు వచ్చి అతనిని చంపిరి.

అతడు బయటనుండి లోనికి పోలేక చెడలేదు. లోపలనుండి బయటికి రాలేక చెడెను. నేటి ప్రసంగమున కీ భేదమే ముఖ్యము.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమయ్యెను. ఆ యూరి క్రొత్త పేటలలోను, ఆళ్లగడ్డ బాటనున్న కొన్ని యిండ్లలోను ఇప్పుడు కారు వచ్చి నిలువగానే గేటు తనంతట జారిపోవుట, లేక కారుషెడ్డు ఇనుపతెర చుట్టుకొని పైకి లేచుట చూచుచున్నాము. ఇంటిలో గోడకు బిగించిన మీట నొక్కినను, చేతిలోని చిన్న పెట్టెను నొక్కినను, సెల్లుఫోనుపై వ్రేలు పెట్టినను ఆ తలుపు కదలును. దీనిని చూచి పెద్దలు కొందరు మాయ యందురు, కొందరు సోమరుల వేడుక యందురు. ఇది మాయయు గాదు, కేవలము వేడుకయు గాదు. దీనికి చరిత్ర కలదు. ఆ చరిత్రలో ప్రాణములు పోయిన ఘట్టములు కూడ కలవు. ఇండ్లలో కుమారులు, అల్లుండ్రు ఈ యంత్రములను పెట్టించుచుండగా ఇంట నుండువారు మీరే కావున, దాని పుట్టుపూర్వోత్తరములు మీరెరిగియుండుట మేలు.

దూరమునుండి తలుపు తెరచు కోరిక క్రొత్తది గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున నుండిన హీరో అను యంత్రశాస్త్రవేత్త యొక దేవాలయద్వారమును వర్ణించెను. గుడి యెదుట వేదికపై నిప్పు రగిల్చిన, ఆ వేడికి వేదిక క్రిందనున్న గాలి వ్యాకోచించును. ఆ గాలి ఒక గోళములోని నీటిని త్రోయును, నీరు గొట్టము ద్వారా ఒక బకెటులో పడును, బకెటు బరువెక్కి దిగును. దానికి గట్టిన త్రాళ్ళు నేల క్రిందికి దించిన తలుపుకంబములకు చుట్టియుండుటచే కంబములు తిరిగి తలుపులు తెరచుకొనును. నిప్పు చల్లారగానే నీరు వెనుకకు పోవును, వేరొక బరువు తలుపులను మూయును. వెలుపలనున్న భక్తులకు త్రాళ్ళును బకెటును కనబడవు గదా! అగ్నిదేవుడే తలుపు తెరచెనని వారు చేతులు జోడించియుందురు. పూజారి పాటి యంత్రశాస్త్ర మెరిగినవాడైనచో శిష్యులకు కొదువ యుండదు.

మన దేశమున ధారానగర మేలిన భోజమహారాజు పదునొకండవ శతాబ్దిలో రచించిన సమరాంగణ సూత్రధారమను వాస్తుగ్రంథములో యంత్రవిధానమని యొక యధ్యాయమే కలదు. అందు వాకిట నిలిచి, చొరబడువారిని ఆయుధముతో నడ్డగించు కొయ్యబొమ్మ ద్వారపాలకుల ప్రస్తావన యున్నది. భోజరాజు యంత్రమును గూర్చి చెప్పుచు, దాని నిర్మాణరహస్యమును పూర్తిగ బయటపెట్టకుండుట మేలని యభిప్రాయపడెను. నేటి తాళపు కంపెనీలవారు కూడ ఆ మతమువారే.

మన సీమలో తలుపు విషయమున పూర్వులు వేరొక బుద్ధి చూపిరి. కోటగవినులకు ఏనుగు త్రోసినను చలింపని తలుపులు పెట్టి, ఇనుపరేకులు తాపి, కొనదేరిన మేకులు దిగగొట్టిరి. మీకు దగ్గరనే, జమ్మలమడుగు చెంత గండికోట గవిని నిట్టి దానిని చూడవచ్చును. ఇట్టి మహాకవాటములకు పెక్కుచోట్ల ఒక రెక్కలో మనిషి వంగి దూరగల చిన్నతలుపు ఉంచెడివారు. దానిని దిడ్డి యందుము. పెద్దతలుపు తెరచుటకు పదిమంది కావలెను, దిడ్డికి ఒకడు చాలును. రాత్రివేళ గవిని మూసినను లోనివాడు దిక్కులేనివాడు కాడు. మట్టిమిద్దెల పెద్దయిండ్లలో వెనుక పెరటివైపు దిడ్డివాకిలి యుండుటయు ఇదే యుద్దేశముతోనే. ఈ దిడ్డి యను మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ప్రసంగము నడుమ దానితో మనకు పని పడును.

ఇక నేటి యంత్రము సంగతి. దీనికి మూలపురుషు డనదగినవాడు అమెరికా దేశపు సి. జి. జాన్సన్. కార్లు ప్రబలిన తొలిదినములలో ఆ దేశమువారు గుఱ్ఱపుబండ్ల సాలలలోనే కార్లను నిలుపుకొనుచుండిరి. ఆ సాలలకు రెండురెక్కల తలుపులు వెలుపలికి తెరచుకొనునవి. చలికాలమున వాకిట మంచు మోకాలిలోతు పేరుకొన్నప్పుడు మంచు త్రవ్విపోసినగాని తలుపు రెక్క కదలదు. జాన్సన్ 1921లో ఆ తలుపును అడ్డముగ పలకలుగా విభజించి, పలకలను కీలులతో కూర్చి, ఇరుప్రక్కల ఇనుపపట్టాలపై పైకి జరిగి కప్పు క్రింద పండుకొనునట్లు చేసెను. దాని చిన్నమాదిరి నొకదానిని కారు వెనుక బిగించుకొని ఊరూర ద్రిప్పి చూపి అమ్మకము సాగించెనట. అయిదేండ్ల పిమ్మట, 1926లో, దానిని విద్యుత్తుతో ఎత్తు మోటారును కూడ నిర్మించెను.

ఇక్కడ మీ కొక సందేహము కలుగవచ్చును. అంత బరువు తలుపును చిన్న మోటారు ఎట్లు ఎత్తును? ఏతాము తొక్కిన యూరివారికి దీనిని చెప్పుట సులభము. ఏతపుమాను మొదట రాయి గట్టుట దేనికి? నీటితో నిండిన బాన బరువును ఆ రాయి తూచుటచే మనిషి సగము శ్రమతోనే నీరు పైకి తీయును. ఈ తలుపులకు రాతికి మారుగ బలమైన ఉక్కుస్ప్రింగు ఉండును. తలుపు దిగునప్పుడు స్ప్రింగు మెలివడి బలము కూడబెట్టుకొనును, లేచునప్పుడు ఆ బలమును తిరిగి యిచ్చును. సరిగ తూచిన తలుపును పదేండ్ల బాలుడు ఒంటిచేత లేపగలడు. మోటారు చేయు పని ఆ బాలుని పనియే. కాని ఆ స్ప్రింగు పట్టియుంచిన బలము మాత్రము బాలుని బలము గాదు. అది తెగినచో, లేక తెలియనివాడు మరలు విప్పినచో, చేతులు విరుగును. ఎఱుక గల పనివానికిదప్ప దానిపై చేయివేయనీయకుడు. నంద్యాల అంగళ్ళ ముందు చుట్టుకొను ఇనుపతెరలకు కూడ లోపల ఇట్టి స్ప్రింగులే యుండును.

మోటారు వచ్చిన పిమ్మట దానిని నడుపు మీట ఎచ్చట నుండవలెను అను ప్రశ్న వచ్చినది. మొదట మీట గోడకే యుండెను, దానినుండి మోటారు వరకు రెండు తీగలు. ఇంటిలోనుండి తలుపు తీయుట యింతమాత్రమే. లైటు మీటకంటె గొప్ప రహస్య మిందులో లేదు. తీగ లేకయే ఆజ్ఞ పంపుట మాత్రము వేరు సంగతి. దానికి బీజము మన దేశముననే పడినదని గర్వముతో చెప్పవచ్చును. ఆచార్య జగదీశచంద్ర వసువు 1895లో కలకత్తా టౌనుహాలులో వంగదేశపు లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున ఒక ప్రయోగము చేసి చూపెను. కంటికి కానరాని విద్యుత్తరంగములు ఒక గదినుండి బయలుదేరి, నడుమ గోడలను దాటి, దూరపు గదిలో గంట మ్రోగించెను, కొంచెము తుపాకిమందును ప్రేల్చెను. మార్కోని తన తొలి పేటెంటు కోరినది మరుసటియేట. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమున నీటితొట్టిలో నొక చిన్నపడవను దూరమునుండియే త్రిప్పి నడిపెను. చూపరులలో కొందరు అది మంత్రమనియు, కొందరు పడవలో కోతి దాగియున్నదనియు పలికిరని చెప్పుదురు. వసువు మ్రోగించినది గంట. గంటకు మారుగ మోటారు మీటను నిలిపిన, అదే దూరమునుండి తెరచు తలుపు. 1931 నాటికే అమెరికాలో రేడియో తరంగములచే కారుషెడ్డు తలుపు తెరచి చూపిరి. మీ రిపుడు వినుచున్న యీ మాటలు మీ చెవికి వచ్చు మార్గమే ఆ తలుపునకును ఆజ్ఞ పోవు మార్గము.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆ దేశమున ఇట్టి తలుపులు వీధివీధికి వ్యాపించెను. అప్పుడొక చిత్రమైన చిక్కు వచ్చినది. అందరి పెట్టెలును ఒకే తరంగమును పలుకుచుండుటచే, ఒకడు మీట నొక్కిన ప్రక్కయింటి తలుపును తెరచుకొనుచుండెను. ఒకే పేరుగల పిల్లలు నలుగురున్న తరగతిలో పేరు పిలిచినట్లు! బడిపంతులుగా నా కీ యనుభవము మెండు. మేము ఇంటిపేరు చేర్చి పిలుచుచుంటిమి. వారును అట్లే చేసిరి. పెట్టెలో ఎనిమిదో, పదో, పండ్రెండో చిన్నమీటలు పెట్టి, ఎవరికి వారు వానిని పైకి క్రిందికి మార్చుకొను ఏర్పాటు వచ్చెను. ఎనిమిది మీటలతో 256 గుర్తులు, పండ్రెండింటితో 4096 గుర్తులు ఏర్పడును. ప్రక్కింటి గొడవ దీనితో తీరినది, దొంగ గొడవ తీరలేదు. 4096 గుర్తులను వరుసగ పలుకు యంత్రము దొంగచేతికి వచ్చిన, అది కొద్దిసేపటి పని. అదిగాక యజమాని పెట్టె పలుకునపుడు పొంచియుండి ఆ గుర్తును పట్టి, అతడు పోయిన పిమ్మట దానినే తిరిగి పలుకవచ్చును.

దీనికి విరుగుడుగా వచ్చినది మారుచుండు గుర్తు. పెట్టెయు, తలుపు యంత్రమును ఒక రహస్యమును, ఒక లెక్కను సమానముగ నుంచుకొనును. నొక్కిన ప్రతిసారి లెక్క యొకటి పెరుగును, గుర్తు మారును. నిన్న చెల్లిన మాట నేడు చెల్లదు. 1990 తర్వాతి దశాబ్దములో ఇది అలవాటైనది. మీ యింట క్రొత్తగ పెట్టించునప్పుడు, గుర్తు మారునదియా, మారనిదియా అని అంగడివానిని నిలదీసి యడుగుడు. చౌకవానిలో మారనివి నేటికిని అమ్ముచున్నారు.

ఇంతవరకు తలుపును ఎట్లు కదల్చుటయను నేర్పు. ఇక ఎవరి మీదికి కదలుచున్నది యను ప్రశ్న. చేతితో తలుపు మూయువాడు తలుపు దగ్గరనే యుండును, అతని కన్నును చేయియు ఒక చోట నున్నవి. బిడ్డ గడపలో ఆడుచుండిన చేయి ఆగును. మీట నొక్కువాని చేయి ఇంట నున్నది, తలుపు వాకిట నున్నది, కన్ను ఎచ్చటను లేదు. అమెరికాలో ఈ యంత్రములు ప్రబలిన దశాబ్దములలో దిగుచున్న తలుపు క్రింద చిక్కి పలువురు బిడ్డలు మరణించిరి. తలుపు దిగునంతలో దాని క్రిందనుండి పరుగెత్తి దాటుట పిల్లలకు పందెపుటాటయై యుండెను. యంత్రమునకు కరుణ లేదు, అది నేలయు బిడ్డయు అను భేద మెరుగదు.

ఆ దేశపు శాసనసభ 1990లో దీనికై చట్టము చేసినది. 1993 జనవరి 1 మొదలు తయారగు ప్రతి యంత్రమును రెండు రక్షణలు కలిగియుండవలెనని విధియయ్యెను. దేనికైన తగిలిన రెండు సెకనులలో తలుపు వెనుకకు మరలవలెను. అదిగాక, తగులకమునుపే తెలిసికొనుటకు మరియొక సాధనము, సామాన్యముగ వాకిలి ఇరుప్రక్కల, నేలకు ఆరంగుళములు మించని యెత్తున, ఒకవైపునుండి ఇంకొకవైపునకు ప్రసరించు కంటికగపడని కాంతిరేఖ, ఉండవలెను. ఆ రేఖ తెగినచో తలుపు దిగరాదు. తల వాల్చి ప్రాకు బిడ్డ మేనును, నిద్రించు కుక్కయు అడ్డుపడు ఎత్తు ఆరంగుళములు. ఆ కొలతను నిర్ణయించినవారి బుద్ధిని మెచ్చుకొనవలెను. గోడమీటకును నియమము లేర్పడినవి. అది తలుపు కనబడు చోటనే యుండవలెను, పిల్లలకందకుండ నేలకు అయిదడుగుల యెత్తున నుండవలెను.

మన యూళ్ళలో ఈ కాంతికన్నును ఖర్చని మానివేయుట నేను విన్నాను. పెట్టినచోట కూడ దుమ్ము పట్టియో, ఆవు రాచికొని ప్రక్కకు తిరిగియో తలుపు దిగక మొరాయించినచో, పనివానిని పిలిచి కన్ను తీగ విప్పించి మరల మామూలుగ దిగునట్లు చేయించుకొను గృహస్థులు కలరు. తలుపు దిగకుండుట చెడిపోవుట కాదు, అది కాపలా కాయుట. బట్టతో అద్దము తుడిచిన చాలును.

మీట గోడమీదనుండి చేతిపెట్టెలోనికి, చేతిపెట్టెలోనుండి సెల్లుఫోనులోనికి వచ్చిన పిమ్మట చేతికిని తలుపునకును నడుమ నున్న దూరమునకు హద్దు లేకపోయెను. ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలలో తల్లిదండ్రులు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటులోనో, శాన్ హోసేలోనో కుమారుడు. ఇచ్చట గేటు కడ పాలవాడు నిలుచుండ, అచ్చట కుమారుడు వ్రేలు కదల్చి గేటు తీయగలడు. తల్లిదండ్రులకు మోకాళ్ళనొప్పులు, లేచి పోనక్కరలేదు. దీనిని నేను తేలికగ చూడను. కాని అచ్చటినుండి ఇచ్చటి గడప కానరాదు. అందుచేతనే ఇట్లు కంటికి దూరమునుండి మూయు తలుపు కదలుటకుముందు కొన్ని సెకనులపాటు దీపము మిణుకుమనిపించి గంట మ్రోగింపవలెనని ఆ దేశపు నిబంధన. చూచు కన్ను లేనిచోట హెచ్చరించు గొంతైన నుండవలెను. ఆ గంటను చప్పుడని కట్టివేయింపకుడు.

ఇచ్చట మన కాలువ సంగతి రెండు మాటలు చెప్పుట అప్రస్తుతము గాదు. దూరమునుండి తలుపు నడుపుటలో మనకు పూర్వపరిచయము లేకపోలేదు. చెఱువు తూము తెరచునప్పుడు నీరుగట్టి కట్టపై నిలిచి కొయ్యను లేపును. తూము బిలము అతని కాళ్ళక్రింద నీటిలోతున నున్నది, కంటికగపడదు. అతడు కట్ట వెనుక కాలువలో నీటి పరుగు చూచి ఎంత తెరచినదో గ్రహించును. నంద్యాల ఆళ్లగడ్డ పొలములకు నీరిచ్చు కర్నూలు కడప కాలువను మద్రాసు నీటిపారుదల కంపెనీవారు 1863 మొదలు త్రవ్వించిరి. సుంకేసుల కడ తుంగభద్రకు అడ్డుకట్ట గట్టి నీరు మరల్చిరి. పంటకొరకేకాక పడవల రాకపోకలకును దానిని ఉద్దేశించిరి. కంపెనీకి లాభము రాకపోగా 1882లో ప్రభుత్వము దానిని కొనెను. నాడు సుంకేసుల కట్టపై నీరు పొర్లిపోయెడిది, నేడచ్చట తలుపులుగల బ్యారేజి యున్నది. ఎగువ హోసపేట చెంత తుంగభద్రాజలాశయమునకు 33 తలుపులు. వానిలో 19వది 2024 ఆగస్టు 10వ తేది రాత్రి గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. మీట చెడలేదు, మోటారు చెడలేదు. ఏడు దశాబ్దముల గొలుసు తెగినది. పారుచున్న నీటిలోనే ఉక్కుపలకల నడ్డముగ దించి వారము దినములలో ఆ కంతను మూసిన ఘనత కన్నయ్యనాయుడుగారి నాయకత్వమున పనిచేసినవారికి దక్కినది. నీటికై ఎదురుచూచు దిగువరైతులు ఆ వారము ఎట్లు గడపిరో మీకు నేను చెప్పవలసినది లేదు. ఆనకట్ట తలుపైనను కారుషెడ్డు తలుపైనను, మీట యెంత నూతనమైనను బరువు మోయునది గొలుసే. ఏటేట కందెన వేసి చూడవలసినది దానినే.

ఇక కాసీము సంగతికి వత్తును.

2017 అక్టోబరులో కాలిఫోర్నియా ఉత్తరభాగమున కార్చిచ్చు రేగెను. అర్ధరాత్రి, ప్రచండమైన గాలి. తొలుత పోయినది విద్యుత్తు. జనులు నిదురనుండి లేచి కారెక్కి పారిపోవుటకు షెడ్డునకు పరుగెత్తిరి. గోడమీట నొక్కిరి, తలుపు కదలలేదు. మోటారునుండి తలుపును విడిపించుటకు పైనొక త్రాడు వ్రేలాడుచుండును. దానిని లాగి చేతితో తలుపు లేపవచ్చును. ఆ సంగతి తెలియక కొందరు, తెలిసియు కండలో సత్తువ లేక కొందరు, ముఖ్యముగ వృద్ధులు, చిక్కువడిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. హీరో కల్పించిన గుడితలుపు నిప్పు రగిలిన తెరచుకొన్నది. పందొమ్మిదివందల యేండ్ల పిమ్మటి తలుపు నిప్పు చుట్టుముట్టిన వేళ మూసికొనియే యుండెను.

ఆ రాష్ట్రము మరుసటియేట చట్టము చేసినది. 2019 జూలై 1 మొదలు అచ్చట అమ్ము ప్రతి తలుపుయంత్రమునకును విద్యుత్తు పోయినపుడు పనిచేయు బ్యాటరీ యుండి తీరవలెను. ఆ రాష్ట్రమున మన తెలుగువారు వేలసంఖ్యలో కాపురమున్నారు, కొడుకు ఇంటికో కూతురి ఇంటికో పోయి ఆరునెలలు గడపి వచ్చు పెద్దలు మీలోను కలరు. పిల్లలు పనికి పోయిన పగటివేళ ఆ యింట నుండువారు మీరే. పోయిన మొదటిదినముననే షెడ్డులో ఆ త్రాడెక్కడనున్నదో చూపించుకొనుడు. వారు నవ్వినను సరే.

మన కార్చిచ్చులు లేవు గదా యనవచ్చును. మనకు ఏరులున్నవి. 2009 అక్టోబరు 2న కర్నూలు నగరము నీట మునిగినది. అట్టి రాత్రి మొదట ఆరునది దీపము. వెలుపలికి పోవుటకు గేటొక్కటే యుండి, ఆ గేటు మోటారుపండ్లలో బిగిసియుండి, విడిపించు తాళపుచెవి ఎచ్చటనున్నదో ఇంటివారికి తెలియని పక్షమున ఏమగునో ఊహింపుడు. పెనుగాలికి తీగలు తెగి రాత్రియంతయు చీకటిలో గడపుట వేసవిలో మన కలవాటే.

కావున క్రొత్త గేటు పెట్టించునపుడు మీరు అడుగవలసినవి అడుగుడు. జారుడుగేటు మోటారునకు ప్రక్కన చిన్న తాళపుచెవితో త్రిప్పు మీట యొకటి యుండును. అది త్రిప్పిన మోటారు విడివడి గేటు చేతితో జరుగును. ఆ చెవిని కారుతాళములతో చేర్చి కుమారుడు ఊరికి పట్టుకొనిపోకుండ ఇంటిలో మేకునకు తగిలింపుడు. పైకి చుట్టుకొను ఇనుపతెరకు చేతిగొలుసు గలదానిని, లేక చేతితో త్రిప్పు పిడి గలదానిని కోరుడు. ఆళ్లగడ్డ శిల్పుల కొట్టములలో నాలుగు మనుషులెత్తలేని విగ్రహమును ఒక్కడు గొలుసుకప్పితో నెమ్మదిగ లేపుట మీరు చూచియే యుందురు. ఇదియు నట్టిదే, తీరిక యుండవలెను గాని బలము పెద్దగ నక్కరలేదు. అన్నిటికంటె ముందు, పెద్దగేటు ప్రక్కనో, దానిలోనో, మనిషి దూరునంత దిడ్డివాకిలి యొకటి విడువుమని మేస్త్రీతో గట్టిగ చెప్పుడు. నేటి యిండ్ల పటములలో దానిని అందమునకు లోటని తీసివేయుచున్నారు. కోట కట్టించిన రాజులు అందము తెలియనివారు గారు.

కారుషెడ్డు లోపలి విడుపుత్రాటికి ఎఱ్ఱని పిడి యుండును. అది నేలకు ఆరడుగుల యెత్తున వ్రేలాడవలెనని యంత్రము చేసినవారి సూచన. కారును రాచికొనకుండుటకు, పిల్లలు లాగకుండుటకు ఆ యెత్తు తగినదే. ఇంటి పెద్దమ్మగారు పొట్టివారైనచో ప్రక్కనే యొక గట్టి ముక్కాలిపీట యుంచుడు. నెలకొకసారి తలుపు మూసియున్నపుడు మాత్రమే ఆ త్రాడు లాగి, ఆమెచేతనే తలుపు లేపించి చూడుడు. తలుపు నడుమ నిలువక దభాలున దిగజారిన, లేక ఆమె చేతికి లేవకపోయిన, స్ప్రింగు తూకము చెడినదని తెలిసికొని నంద్యాలనుండి పనివానిని పిలిపింపుడు.